బొట్టు పెట్టి పిలిచిన ఎన్నిక

ఆ శనివారం పొద్దున శేషాచలం రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు. పరాయి దేశంలో వాళ్ళుంటున్న స్కోఫీల్డ్స్ ఊరి చరిత్ర సంఘంవారు పందొమ్మిది వందల యాభైల నాటి అక్కడి రాష్ట్ర ఎన్నికను కమ్యూనిటీ హాల్లో సరదాగా మళ్ళీ జరుపుతున్నారు. పెన్సిళ్ళు, చెక్క పెట్టె, అంతా పాత పద్ధతే. ఓటంటే ముద్ర కాదు, పేర్ల పక్కన ఇష్టం వరసలో ఒకటి, రెండు అని అంకెలు వేయాలి; ఒకటి ఎవరికి పడితే ఓటు వాళ్ళది. ఓటర్లు వీధివాళ్ళు. అభ్యర్థులు శేషాచలం, పక్కింటి గ్లెన్. తెలుగు సంఘం కార్యదర్శి పదవికి మూడుసార్లు నిలబడి మూడుసార్లూ ఓడిన మనిషికి ఉత్తుత్తి ఎన్నికైనా ఎన్నికే. ఒక్కసారి గెలవాలి, అంతే.

"పిలవందే ఎవరొస్తారండీ?" అంటూ భార్య కాత్యాయని కుంకుమ భరిణె పట్టుకుని తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి, పెళ్ళికి పిలిచినట్టే బొట్టు పెట్టి పిలిచింది. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు పట్టుచీరల్లో దిగారు. శేషాచలానికి ప్రాణం లేచొచ్చింది.

ఎన్నికల అధికారి వేషంలో ఉన్న రిటైర్డ్ టీచర్ జూడిత్ తలుపు దగ్గరే ఆపేసింది. అందరి నుదుటా ఒకే ఎర్రగుర్తు! ప్రచార బ్యాడ్జీలు లోపలికి కుదరవు, తుడుచుకుని రమ్మంది. బొట్టు తుడుచుకోవడమా అని ఆడవాళ్ళు అక్కడే బిగుసుకుపోయారు. ఓట్లన్నీ ఇంటిదారి పట్టేలా ఉండటంతో శేషాచలానికి చెమటలు పట్టాయి.

కాత్యాయని తొణకలేదు. జూడిత్‌కు బొట్టు పెట్టింది. గ్లెన్‌కూ పెట్టింది. ఇప్పుడిది అందరికీ ఉంది కాబట్టి ఎవరి బ్యాడ్జీ కూడా కాదని తేల్చింది. జూడిత్ ఫోన్లో తన ముఖం చూసుకుని మురిసిపోయి తలుపు తీసింది.

సాయంత్రానికి లెక్క తేలింది. గ్లెన్‌కు ఇరవై, శేషాచలానికి ఒకటి. పాపం, ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"మీరు ఇంటి మనిషి కదండీ," అంది కాత్యాయని నెమ్మదిగా. "బొట్టు పెట్టి పిలిచాక గ్లెన్ మన గెస్ట్ అయిపోయె. ఆయనకి టూ ఇచ్చి మనవాళ్ళకి వన్ ఇచ్చుకుంటే ఏం మర్యాద? అందరం ఆయనకే ఫస్ట్ ప్రిఫరెన్స్ వేశాం. పోన్లెండి, మీ ఓటైనా మీకు పడింది."

అంతలో గ్లెన్ వచ్చి భుజం తట్టి, తన ఓటు శేషాచలానికే వేశానని చెప్పాడు. కాత్యాయని మొగుడివైపు తిరిగింది.

"మరి మీదో?"

"పక్కనే నుంచున్నాడే. మొహమాటం."

ఆవిడకు నవ్వాగలేదు. కాసేపటికి ఆయనకూ ఆగలేదు. గ్లెన్ విజయోత్సవం ఆ సాయంత్రమే శేషాచలం పెరట్లో జరిగింది. గారెలు వడ్డించింది ఓడిన అభ్యర్థే.