అత్తగారి రెండు డబ్బాలు

ఆ ఉదయం డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. క్లినిక్కి వెళ్లేలోపు అత్తగారి తలతిరుగుడు సంగతి తేల్చెయ్యాలి. వారంలో రెండుసార్లు ఆవిడ గోడ పట్టుకుని కూలబడింది. చూస్తే బీపీ పాతాళంలో ఉంది.

"అత్తయ్యగారూ, మీ మాత్రల సీసా ఒకసారి ఇలా ఇవ్వండి."

ఆవిడ తటపటాయిస్తూ ఇచ్చింది. మూత తీస్తే లోపల మిరియాలంత నల్లటి గుళికలు!

"ఇవేంటి?"

"మీరిచ్చినవే బాబూ. ఎండకి నల్లబడ్డాయేమో."

డాక్టరుకి ఒళ్లు మండింది. అలాంటి గుళికలు చేసేది ఎదురువీధి మూలికల వైద్యుడొక్కడే. ఆయన స్వయానా అత్తగారి తమ్ముడు. తన పెళ్లిలో డాక్టరు ఆయన వైద్యాన్ని ఆకులూ అలములూ అని వెక్కిరించినప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. సీసా పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా బయల్దేరాడు.

సగం దారిలో వైద్యుడే ఎదురొచ్చాడు. అక్క నిన్న తన కొట్లో మరిచిపోయిన రేకు డబ్బా ఆయన చేతిలో గలగలలాడుతోంది.

"ఏమయ్యా డాక్టరూ, నా డబ్బాలో నీ తెల్లబిళ్లలేంటి? నా పేరు చెడగొడదామనా?"

"నా సీసాలో మీ మిరియాలేంటి బాబాయిగారూ? ముందది చెప్పండి!"

పక్కనే ఉన్న డాక్టరు క్లినిక్ ముందు నుంచి పేషెంట్లు టోకెన్లతో సహా గుమిగూడారు. గెలిచినవారి మందే వాడదామని ఒకాయన తీరిగ్గా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అంతలో అత్తగారు రొప్పుతూ వచ్చింది. "ఊరుకోండర్రా! మీ బిళ్ల చూస్తే వాడు అలుగుతాడు, వాడి గుళిక చూస్తే మీరు నవ్వుతారు. అందుకే అటుదిటూ ఇటుదటూ మార్చి దాచాను."

"అంటే రెండూ వేసుకుంటున్నావా?" వైద్యుడు నోరు తెరిచాడు. రెండూ బీపీని దించేవే.

ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. సాయంత్రం డాక్టరు అత్తగారితో, "బాబాయిగారు పెద్దవారు, ఆయన మందే వాడండి. నాది ఆపేయండి" అన్నాడు. డాక్టరు అటు వెళ్లిన పది నిమిషాలకి వైద్యుడొచ్చి, "అక్కా, నీ అల్లుడు చదువుకున్నవాడు. నాది ఆపేయ్" అన్నాడు. జన్మలో ఎవరి మాటా కాదనని మనిషి, ఆవిడ రెండూ ఆపేసింది.

నాలుగో రోజుకి బీపీ ఆకాశంలో ఉంది. తల పగిలిపోతోందని ఆవిడ మంచం ఎక్కింది.

డాక్టరు భార్య ఇద్దరినీ కూర్చోబెట్టి, ముందు ఒక నోటుపుస్తకం విసిరింది. "మొన్నటిదాకా మాట్లాడుకోక చంపబోయారు, ఇప్పుడు మర్యాదతో చంపబోతున్నారు! ఇద్దరూ ఒకే పేజీలో రాయండి. ఒకరు రాసింది రెండోవారు చదివి సంతకం పెట్టందే అమ్మ నోట్లో ఏదీ పడదు."

గంటసేపు అరుచుకున్నాక మాత్ర డాక్టరుది మిగిలింది, గుళికలు ఆగాయి, మోకాలి తైలం వైద్యుడికి దక్కింది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ పుస్తకం ముందేసుకుని వీధి చివరికి వినబడేలా వాదించుకుంటారు.

ఇద్దరి మధ్యా మర్యాద పూర్తిగా పడిపోయింది; అత్తగారి బీపీ మాత్రం దారిలో పడింది.