బొమ్మకు పది మార్కులు

మా కళా అకాడమీలో ఇలస్ట్రేషన్ డిగ్రీ చివరి పరీక్షకు మొత్తం వంద మార్కులు. విద్యార్థి తన బొమ్మల గురించి రాసిన వ్యాసానికి అరవై, ఆ వ్యాసం చివర పేర్కొన్న గ్రంథాల పట్టికకు ముప్పై, బొమ్మలకు పది. పోయిన ఏడాది వరకు బొమ్మలకు పదిహేను ఉండేవి. బొమ్మల మీద మరీ అంతగా ఆధారపడటం డిగ్రీ స్థాయికి తగదని పరీక్ష సంఘం ఏకగ్రీవంగా భావించి ఐదు తగ్గించింది. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. ఆ తీర్మానం రాసింది నేనే. నా పేరు అపొలోనియా. ఇరవై రెండేళ్ళుగా ఈ విభాగానికి సెక్రటరీని, పరీక్ష సంఘం మినిట్స్ రాసేదాన్ని. నాకు బొమ్మలు వేయడం రాదు. అందువల్ల కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను అధ్యాపకురాలనుకుని పొరబడుతుంటారు.

పరీక్ష రోజున సంఘానికి ఫలహారం విద్యార్థులే తేవాలి. ఇది నిబంధనల్లో ఎక్కడా లేదు, కాబట్టే ఎవరూ ఉల్లంఘించరు. ఫలహారమంటే మా వైపు ఖ్లెబీచ్కీలు. తెల్ల రొట్టె ముక్క మీద మయొనీస్‌తో కలిపిన ముద్ద దట్టంగా పరిచి, పైన ఊరబెట్టిన దోసకాయ ముక్క పెడతారు. అందులో మూడు రకాలు: కోడిగుడ్డు, బంగాళాదుంప, కాడ్ చేప. చూపుకు మూడూ ఒకటే తెలుపు. సంఘాధ్యక్షులు ప్రొఫెసర్ సెర్వాత్స్ మోక్రీ గారికి చేప పడదు. పొరపాటున కొరికితే పెదాలు ఉబ్బిపోయి గంటసేపు మాట్లాడలేరు. విభాగంలో కొందరు దీన్ని ప్రమాదంగా పరిగణించరు.

జూన్ పరీక్షలో మొదట త్స్తిబోర్ అనే విద్యార్థి ఒక ఖాళీ నల్ల కాగితం సమర్పించాడు. పేరు 'కుందేలు'. కుందేలు లేదు. ఎందుకు లేదో అరవై రెండు పేజీలు రాశాడు. సంఘం అతన్ని నిలబడి అభినందించింది. ఆ నలుపు నల్లగా ఉండటంలో గొప్ప ధైర్యం ఉందని పరీక్షకురాలు డాక్టర్ క్లోటిల్డా బారాన్కోవా గారు కంటతడి పెట్టినంత పని చేశారు.

తర్వాత ఒరావా కొండల నుంచి వచ్చిన రద్కా వంతు. ఆ పిల్ల మంచులో కోడి తప్పిపోయిన ఒక ముసలమ్మ కథకు పద్నాలుగు బొమ్మలు వేసింది. ముసలమ్మ లాంతరు పట్టుకుని ఊరంతా వెతుకుతుంది. తొమ్మిదో బొమ్మలో, పొయ్యి వెనక ఆరబెట్టిన బూటులోంచి కోడి తోక బయటికి కనబడుతుంది. ముసలమ్మకు కనబడదు, మనకు కనబడుతుంది. నేను పైకే నవ్వేశాను. మినిట్స్‌లో నవ్వు రాయడానికి గడి లేదు.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు మోక్రీ గారు.

"కోడి అండీ."

"కోడి అని తెలుస్తూనే ఉందిగా. అదే వచ్చిన చిక్కు."

"ఆరేళ్ళ పిల్లకి కూడా చూడగానే అర్థమైపోతుందిది," అన్నారు బారాన్కోవా గారు, ఎవరో దొంగను పట్టుకున్నట్టు.

"ఆరేళ్ళ పిల్లల పుస్తకమే కదండీ," అంది రద్కా.

"అయితే మాత్రం? మనం డిగ్రీ చదువుతున్నామా, పిల్లలకి కథలు చెబుతున్నామా?"

రద్కా వ్యాసం ఒకటిన్నర పేజీ. బొమ్మలో ఉన్నదాన్ని మళ్ళీ రాయడం దేనికని అనుకుందట. సంఘం ఆమెను ఫెయిల్ చేసింది. 'విద్యార్థిని తన చేతి నుంచి వెలువడే ప్రతి బొమ్మలోనూ చూపరిని ప్రశ్నలో నిలపాలి, జవాబు ఇవ్వరాదు' అని సిఫార్సు చేసి ఆగస్టు చివర మరో అవకాశం ఇచ్చింది. ఆ తీర్మానం చేస్తున్నంతసేపూ సంఘం ఆమె తెచ్చిన ఖ్లెబీచ్కీలనే తింటోంది. పళ్ళెంలో ఒక్కో వరసకూ ఆ పిల్ల ఒక చిన్న కార్డు మీద బొమ్మ వేసి గుచ్చింది: ఒకదాని మీద గుడ్డు, ఒకదాని మీద దుంప, ఒకదాని మీద చేప. మోక్రీ గారు చేప కార్డును చూసి చెయ్యి వెనక్కి లాక్కుని, గుడ్డు వరసలో నాలుగు తిన్నారు. ఆ కార్డులకు మార్కులు లేవు.

పరీక్ష అయ్యాక రద్కా నా గదిలోకొచ్చి కూలబడింది.

"పిన్నీ, మా ఊరి పిల్లల బొమ్మల బడిలో పోస్టు నాకోసం ఆపి పెట్టారు. సెప్టెంబరు ఒకటికల్లా డిగ్రీ కాగితం చూపించకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. వాళ్ళు మంచివాళ్ళే, కానీ వాళ్ళ చేతుల్లో ఏం లేదు."

ఇరవై రెండేళ్ళలో ఆ గదిలో నన్ను నవ్వించిన బొమ్మ అదొక్కటే.

"ఏడవకే పిచ్చిదానా. వాళ్ళేం చెప్పారో అది అక్షరం పొల్లుపోకుండా చెయ్యి," అన్నాను.

ఆ పిల్ల బుద్ధిమంతురాలు, అలాగే చేసింది. ఆగస్టులో నలభై పేజీల వ్యాసంతో వచ్చింది.

"పిన్నీ, ఈ వాక్యం చూడు. నీకేమైనా అర్థమవుతోందా?"

"ఒక్క ముక్క కూడా లేదు."

"హమ్మయ్య," అంది.

గోడకు మాత్రం అవే పద్నాలుగు బొమ్మలు తగిలించింది. వాటిలో ఒక్క ఈక కూడా మార్చబుద్ధి కాలేదట. వ్యాసం బరువును చేత్తో అంచనా కట్టి, విద్యార్థిని గణనీయమైన ప్రగతి సాధించిందని సంఘం సంతోషించింది. అయినా, బొమ్మలు ఇంకా అర్థమవుతూనే ఉన్నాయని బారాన్కోవా గారు అభ్యంతరం లేవదీశారు. పదకొండు దాటింది. ఫలహారానికి విరామం ప్రకటించారు.

పళ్ళెంలో ఇరవై ఖ్లెబీచ్కీలు, మూడు వరసలు, మూడు కార్డులు. ఒక్కో కార్డు మీద బూడిదరంగు మరక ఒకటి. మూడు మరకలూ మూడు రకాలుగా లోతైనవి.

మోక్రీ గారు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. కళ్ళజోడు సర్దుకుని మొదటి మరకను చూశారు, రెండోదాన్ని చూశారు. మూడోదాన్ని వాసన చూశారు. మూడింటికీ వెనిగర్ వాసనే.

"ఇందులో చేపేదమ్మా?"

"జూన్‌లో మీరు చెప్పారండీ, నా చేత్తో వేసిన ప్రతి బొమ్మా ప్రశ్నలోనే ఉంచాలని," అంది రద్కా. ఆ గొంతులో వెటకారం లేదు. భయమే ఉంది.

"ప్రశ్నేంటి, నా మొహం! ఆకలితో చస్తుంటే! అది చేపో గుడ్డో తెలిసేలా ఒక బొమ్మ గీయలేవా? బొమ్మన్నాక చూడగానే తెలియొద్దూ?"

బారాన్కోవా గారు చేతిలోని ముక్కను మెల్లగా పళ్ళెంలో పెట్టేశారు. నేను కలం తీశాను. సంఘాధ్యక్షులు బొమ్మల గురించి వెలిబుచ్చే ప్రతి అభిప్రాయాన్నీ ఉన్నదున్నట్టు మినిట్స్‌లో నమోదు చేయాలన్నది నిబంధన. ఇది మాత్రం నిబంధనల్లో ఉంది.

రద్కా సంచిలోంచి జూన్ నాటి కార్డులు తీసి గుచ్చింది. అధ్యక్షులవారు గుడ్డు వరసలో ఐదు తిని శాంతించారు.

విరామం ముగిశాక, తీర్పుకు ముందు, రివాజు ప్రకారం మినిట్స్ చదివి వినిపించాను. "అధ్యక్షుల అభిప్రాయం: బొమ్మన్నాక చూడగానే తెలియాలి."

"నేనన్నానా?" అన్నారు మోక్రీ గారు.

"అన్నారండీ. పదకొండూ ఇరవైకి. నలుగురు విన్నారు."

ఆయన లేచి, ఆ రోజు మొదటిసారిగా, గోడ దగ్గరికి వెళ్ళారు. తొమ్మిదో బొమ్మ ముందు వంగి చాలాసేపు నిలబడ్డారు. బూటు కనబడినట్టుంది. ఆయన భుజాలు కదిలాయి. నవ్వో దగ్గో ఎవరూ అడగలేదు. వెనక్కి వచ్చి సంతకం పెట్టారు. రద్కా పాసైంది. ఇప్పుడు ఒరావాలో పిల్లలకు కోళ్ళు వేయడం నేర్పుతోంది. అవి కోళ్ళలాగే ఉంటున్నాయని వినికిడి.

విభాగం కూడా ఊరికే లేదు. ఆనాటి మూడు మరకల కార్డుల మీద బారాన్కోవా గారు తొంభై పేజీల పరిశోధన పూర్తి చేశారు. ఆ కార్డులు వార్షిక ప్రదర్శనలో అద్దం వెనక ఉన్నాయి.

జూన్ నాటి జత నుంచి ఒక కార్డు నేను అడిగి తీసుకుని నా బల్ల ముందు గోడకు అంటించాను. పనిమీద వచ్చిన ప్రతివాళ్ళూ దాన్ని తదేకంగా చూసి, "దీని అంతరార్థమేమిటండీ?" అని గొంతు తగ్గించి అడుగుతారు. కోడిగుడ్డు అని చెబితే, పాపం చదువుకోని మనిషి అన్నట్టు నావైపు జాలిగా చూసి వెళ్ళిపోతారు. ఇంతదాకా చదివిన మీరు మాత్రం? ఈవిడ ఆ గుడ్డుతో ఇంకేదో చెప్పదలిచిందని ఈపాటికి వెతకడం మొదలుపెట్టే ఉంటారు. వెతక్కండి. అది కోడిగుడ్డు.