వరహాలమ్మ గోడకు వెల్ల

"ఆ కిటికీ తుడవద్దని నీకెన్నిసార్లు సెప్పాలమ్మా?"

"అత్తయ్యా, అది దుమ్మండీ. వేలు పెడితే నల్లగా అంటుకుపోతోంది. సాయంత్రం కెమెరా వాళ్ళొస్తే ఏమనుకుంటారు?"

"దుమ్ము కాదు. నా నలుపు."

శ్రీసత్య తడిగుడ్డ వైపు చూసింది. నలుపంతా అప్పటికే గుడ్డకెక్కింది. కాకినాడ నుంచి కోడలిగా వచ్చిన ఆ పిల్లకి గాజువాకలో ఫ్యాక్టరీల నుంచి వచ్చి రాత్రికి రాత్రి కిటికీల మీద పేరుకునే దుమ్ము ఒక వింతయితే, దాన్ని జామ్ సీసాలో దాచుకునే అత్తగారు ఇంకో వింత.

వరహాలమ్మ ఆ దుమ్మును గంజిలో కలిపి స్టోరు గది గోడ మీద బొమ్మలు గీస్తుంది. ఎవరూ నేర్పలేదు. కుంచె లేదు. చీపురుపుల్ల, అరిగిపోయిన పళ్ళ బ్రష్షు, బొటనవేలు. కొడుకు గోపి పెళ్ళికి చాలాముందు నుంచీ, మధ్యాహ్నం అంట్లు కడగ్గానే ఆ గదిలోకి పోయి గడియ పెట్టుకోవడం అలవాటు. లోపలికి ఎవరినీ రానివ్వదు. వస్తామని ఇంట్లో ఎవరూ అడిగిందీ లేదు.

అడిగింది ఫిజా. సిటీలోని పాత ఊళ్ళో పుట్టి పెరిగిన ఆ అమ్మాయి చిన్న చిన్న డాక్యుమెంటరీలు తీస్తుంది. గాజువాక దుమ్ము మీద ఏదో తీద్దామని వచ్చి, ఈ ఇంటి వెనక కిటికీకి కెమెరా పెట్టబోయి, చువ్వల మధ్య నుంచి గోడను చూసింది. గోడ నిండా జనం. కుళాయి దగ్గర జుట్లు పట్టుకున్న ఆడవాళ్ళు, బస్సు గుమ్మానికి వేలాడే మనుషులు, మేడలను చేపల్లా ఎత్తిపట్టుకున్న క్రేన్లు. ఫిజా దుమ్ము సంగతి మర్చిపోయింది. ఆ తర్వాత ఎన్నో మధ్యాహ్నాలు పెరటి మెట్ల మీద కూర్చుని, చిక్కుడుకాయలకి ఈనెలు తీసిపెడుతూ వరహాలమ్మను ఒప్పించింది. ఒకటే షరతు. మొహం చూపించకూడదు.

"చేతులే తీస్తాను ఆంటీ. మీ మొహం జోలికి రాను, ప్రామిస్" అంది ఫిజా.

ఆ మాట వరహాలమ్మ భర్త సీతారామాంజనేయులు చెవిన పడింది. కొంప అక్కడే మునిగింది.

ఆయన ఉక్కునగరం సెక్టార్లలో ఏళ్ళ తరబడి రంగుల పనులు చేయించి రిటైరైన మనిషి. పెద్దాఫీసరు వస్తున్నాడంటే రోడ్డు పక్క రాళ్ళకి తెలుపు, చెట్ల మొదళ్ళకి ఎరుపూ తెలుపూ పట్టీలు. కదలకుండా ఉన్నదేదైనా ఆయన చేతిలో రంగు తప్పించుకోలేదు. ఆయన లెక్కలో రోజులు రెండు రకాలు: విజిట్ ఉన్న రోజు, విజిట్ లేని రోజు. ఇవాళ సాయంత్రం తన సొంతింటికే విజిట్.

"రొయ్యలు తీసుకురావే. వచ్చినోల్లకి అన్నం పెట్టవేటి?" అన్నాడు భార్యతో.

"ఆ గుంట మనింట్లో టీ కూడా తాగదు. నీల్లు కూడా సీసాలో తెచ్చుకుంటాది."

"కెమెరా పట్టినోడు తింటాడు. కోడల్నీ తీసుకెల్లు, సంచీ మోత్తాది."

వరహాలమ్మ గుమ్మం దాటబోతూ ఆగింది. "స్టోరు గది జోలికెల్లకండి."

"నాకేటి పనక్కడ?"

వాళ్ళెక్కిన ఆటో సందు తిరగ్గానే ఆయన బావమరిది అబ్బులుకు ఫోన్ చేశాడు. అబ్బులు పెయింటింగ్ కాంట్రాక్టులు చేస్తాడు. రెండు బకెట్లు, ఒక రోలర్‌తో వచ్చి, స్టోరు గది తలుపు తీసి, అక్కడే నిలబడిపోయాడు.

"బావా, ఇయ్యి మా అప్ప గీసినయ్యి కదేటి?"

"అవును. తెలుపు ఏసీ."

"అప్పకి తెలుసా?"

"ఒరే అబ్బులూ, నాను సెవులారా విన్నాను. తీసేది సేతులేనంట. మరి సేతులెనకాల ఏటి కనబడతాది? ఈ మసి గోడ! మీ అప్ప పరువు పోదా? తెల్లగోడ పెట్టీసేమనుకో, ఆ తెలుపు మీద సేతులు మెరిసిపోతాయి. కావాలంటే ఆల్ల ముందే ఇంకోటి గీత్తాది. గీయడం దానికొచ్చిన పనే కదా."

అబ్బులుకు ఎక్కడో తేడా కొట్టింది. కానీ బావకు ఎదురు చెప్పి ఎరగడు. ఒక కోటింగు వేశాక కూడా కుళాయి దగ్గర ఆడవాళ్ళు పొగమంచులోంచి చూస్తున్నట్టు చూస్తున్నారు. రెండో కోటింగుకి వాళ్ళూ పోయారు.

వరహాలమ్మ రొయ్యల సంచీతో తిరిగొచ్చేసరికి ఇల్లంతా పెయింటు వాసన. ఆయన గుమ్మంలోనే ఎదురయ్యాడు, బనీను మీద తెల్లచుక్కలతో.

"రా రా. నీకో సర్‌ప్రైజు."

ఆవిడ స్టోరు గది ముందు నిలబడింది.

"ఎవులు?" అంది.

"నానే! రెండు కోటింగులు. అబ్బులు సాయంపట్టాడు."

అబ్బులు రోలర్ ఎత్తుకుని పెరటి దారిన పోబోయాడు. "ఆగరా" అంది వరహాలమ్మ, అతని వైపు చూడకుండానే. అబ్బులు ఆగాడు. ఆవిడ పెరట్లోకి వెళ్ళి పీట వేసుకుని రొయ్యల తలలు తుంచడం మొదలుపెట్టింది. ఒక్కో తల తుంచుతుంటే అబ్బులు ఒక్కో అడుగు వెనక్కి వేశాడు.

"అదేటి, సంతోషించదేటి?" అన్నాడు సీతారామాంజనేయులు.

శ్రీసత్య ఆ ఇంటికి కోడలై వచ్చాక మావగారి మీద గొంతెత్తడం అదే మొదలు. "మావయ్యగారూ! వాళ్ళు తీయడానికి వస్తున్నది ఆ గోడనే! గోడ కోసమే సినిమా! మీరు సినిమాకే సున్నం కొట్టారు!"

ఆయన మొహం అప్పుడు పాలిపోయింది. వెంటనే మధురవాడలో ఆఫీసులో ఉన్న గోపికి ఫోన్. గోపి "తడిగుడ్డ పెట్టి మెల్లగా తుడిస్తే పైది పోతుందేమో" అన్నాడు. మెల్లగా అన్న మాట తండ్రికి వినపడలేదు. బకెట్టు నీళ్ళు కొట్టి, గోనెపట్టాతో రుద్దాడు. తెలుపు పోయింది. దాని కింద నలుపూ పోయింది. రెండూ కలిసి గోడ మీద బూడిద రంగు బురదగా కారాయి. దాన్ని కప్పడానికి అబ్బులు మూడో కోటింగు వేశాడు.

గోపి బైకు మీద వచ్చిపడేసరికి అబ్బులు పక్కగదిలోంచి వైరు లాగి, టేబుల్ ఫ్యాను పెట్టి గోడ ఆరబెడుతున్నాడు. సంగతి విని తల పట్టుకున్నాడు. అయినా వాడూ ఆ తండ్రి కొడుకే.

"ఫొటోలున్నాయి కదా నాన్నా. ఫిజా తీసినవి సత్య ఫోన్లో ఉన్నాయి. చూసి మళ్ళీ వేసేద్దాం."

"ఏటితో ఏత్తాం? నలుపేదీ?"

జామ్ సీసా ఖాళీగా ఉంది. కొత్త నలుపు పొద్దునే తడిగుడ్డలో పోయింది. గోపి తన బూటు పాలిష్ డబ్బా తెచ్చాడు.

శ్రీసత్య ఫోన్ ఇవ్వనంది. గోపి లాక్కున్నాడు. ఆమె "మీ అందరికీ దణ్ణం" అని పెరట్లోకి పోయి అత్తగారి పక్కన కూర్చుంది. లోపల గోపి క్రేన్లు, అబ్బులు బస్సు, సీతారామాంజనేయులు స్టూలెక్కి పైభాగం పంచుకున్నారు. ఆయన ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఒక బొమ్మను పెద్దది చేశాడు.

"ఇదేట్రా? సోఫా మీద ఈ లావుపాటి బల్లేటి?"

అబ్బులు చూసి, వెంటనే బస్సు చక్రాల మీద శ్రద్ధ పెంచాడు.

"నిన్నేరా అడుగుతన్నాను!"

"బల్లి కాదు బావా. నువ్వే. బనీను సూడు."

ఆయన గబగబా మిగతా ఫొటోలు తిప్పాడు. కుళాయి వెనక ఆయనే, పేపరు కింద నిద్రపోతూ. బస్సు పక్కన ఆయనే, వేలు చూపించి ఎవరికో పని పురమాయిస్తూ. ప్రతిచోటా ఆయనే, ప్రతిచోటా వెల్లకిలా పడుకునో, వేలు చూపిస్తూనో. ఇన్నేళ్ళూ ఇంట్లోనే ఉన్న గోడ. అందులో తను ఉన్న సంగతి, దాన్ని చెరిపేశాక తెలిసింది.

ఆ తెలివిడికి ఇంకొకరైతే స్టూలు దిగేవారు. ఆయన పాలిష్ డబ్బాలో వేలు ముంచి ఆ బొమ్మను సవరించాడు. పొట్ట లోపలికి లాగాడు. తల నిండా జుట్టు పెట్టాడు. సోఫా తీసేసి, హెల్మెట్ పెట్టి, నిటారుగా నిలబెట్టాడు. బాగానే కుదిరిందనిపించి, ఇంకో నాలుగు వేశాడు.

వీధి తలుపు తీసే ఉంది. ఫిజా కెమెరామన్ వెలుతురు పోకముందే పని మొదలుపెడదామని తొందరగా వచ్చేశాడు. స్టోరు గదిలోకి తొంగిచూస్తే, ఒంటి నిండా నలుపు పూసుకున్న పెద్దమనిషి స్టూలు మీద నిలబడి బొటనవేలితో గోడ మీద గీస్తున్నాడు. గీసేది ఎవరో, పేరేమిటో అతను సరిగ్గా గుర్తుపెట్టుకోలేదు. కెమెరా ఆన్ చేశాడు.

"ఎన్నాళ్ళ నుంచి గీస్తున్నారు సార్?"

సీతారామాంజనేయులు వెనక్కి తిరిగాడు. ఎదురుగా ఎర్రలైటు వెలుగుతోంది. రిటైరయ్యాక ఆయన్ను ఎవరైనా "సార్" అనడం అదే మొదలు.

"సిన్నప్పట్నించీ ఉన్నాదండి" అన్నాడు. "మా ఆవిడ కూడా గీత్తాది. కాకపోతే ఐడియాలన్నీ నావే."

గోపి "నాన్నా!" అన్నాడు. అబ్బులు గోడ వైపు తిరిగి మొహం దాచుకున్నాడు. పెరట్లో రొయ్యలు గిన్నెలో పడటం ఆగిపోయింది.

ఫిజా లోపలికి రావడం, పెరట్లోంచి వరహాలమ్మ రావడం ఒకేసారి జరిగాయి. ఫిజా గోడను చూసి అక్కడే చతికిలబడింది. "ఆంటీ... ఏమైంది? నా గోడ... మీ గోడ..."

ఇంత గొడవలోనూ గోడ ఎవరిదో గుర్తొచ్చి మాట సవరించుకున్నది ఆ పిల్ల ఒక్కతే. వరహాలమ్మ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, నేరుగా కెమెరా ముందుకొచ్చి నిలబడింది. కొంగు మొహానికి అడ్డం తెచ్చుకోలేదు.

"తియ్యి నాయినా. మొకమే తియ్యి. నా పేరు వరహాలమ్మ. ఇక్కడుండీవి నాను గీసినయ్యి. తుడిసీసినోడు ఆ స్టూలు మీదున్నాడు, ఆయన మొకం కూడా తియ్యి. మా తమ్ముడి మొకం తిప్పించి మరీ తియ్యి. నా బొమ్మల మీద బూటు పాలిష్ రుద్దిన నా కొడుకుని ఒగ్గీకు."

"ఒసే, పరాయోల్ల ముందు..."

"పరాయోల్లు గోడ సూసేరు. మీరు సున్నం సూసేరు." ఆవిడ గొంతు హెచ్చలేదు. "అడిగేరా? నా సేతులు కావాలి మీకు, పొద్దున్నించి రేత్రి వరకూ. ఆ సేతులు ఏటి సేత్తన్నాయో ఒక్కపాలి తలుపు కొట్టి అడిగేరా? అడగనోల్లకి ఐడియాలెలా వచ్చేయండీ?"

ఆయన స్టూలు దిగాడు. ఫ్యాను గాలికి ఆయన గీసిన ఐదుగురు హీరోలూ మెల్లగా కిందికి జారుతున్నారు. పాలిష్ తడిగోడకి పట్టదని అబ్బులుకి తెలుసు. ఇందాకే చెప్పాల్సింది.

ఫిజా కళ్ళు తుడుచుకుంది. "వద్దు ఆంటీ. ఆపేద్దాం. ఇంక ఏం తీస్తాం?"

"ఆపడమేటి?" అంది వరహాలమ్మ.

అందరినీ హాల్లోకి రమ్మంది. భర్త, కొడుకు, కోడలు, తమ్ముడు వరసగా నిలబడ్డారు. ఆవిడ హాలు గోడలు నాలుగూ మెల్లగా చూసింది, బట్టల కొట్లో గుడ్డ తాను పరిపించుకుని చూసినట్టు. ఆ తర్వాత, కూరలో ఉప్పెంతో చెప్పే గొంతుతో చెప్పింది.

"రేపట్నించి నాను ఇక్కడ గీత్తాను. టీవీ, సోఫా, ఈయన పడక స్టోరు గదిలోకి మార్చీండి. గోడ నిండేవరకూ ఫిజా వత్తాది, తీత్తాది. మద్దేన్నం ఈ తలుపుకి గడియ నాదే."

"హాలేటే! నలుగురూ వచ్చే చోటు!" అన్నాడు సీతారామాంజనేయులు.

"అందుకే."

గోపి, అబ్బులు చెరోవైపూ సోఫా ఎత్తారు. శ్రీసత్య తలుపు రెక్కలు బార్లా తీసి పట్టుకుంది. గోడ ఆరబెట్టిన టేబుల్ ఫ్యానూ దాని వైరూ మళ్ళీ పక్కగదికి వెళ్ళిపోయాక, టీవీ పెట్టుకోవడానికి స్టోరు గదిలో ప్లగ్ పాయింటే లేదన్న సంగతి ఆ ఇంటి యజమానికి తెలిసింది.