నదిలో లేని మనిషి

ఆ ఉదయం కోర్బినియన్ కుక్కకి పొగబెట్టిన చేప పెట్టాడు. ప్రేమతో కాదు. చేప తింటే గుస్తుల్‌కి కడుపు తిరుగుతుంది. ఎవరి ఒళ్ళో ఉంటే వాళ్ళ ఒళ్ళో కక్కుతుంది. ఇవాళ ఆ ఒళ్ళు తన వదిన వాల్బుర్గాది కావాలి. అదీ పథకం.

గుస్తుల్ పొట్టికాళ్ళ పొడుగు కుక్క. అతని భార్య హెడ్‌విగ్ పెంచింది. హెడ్‌విగ్ పోయేముందు "నా తర్వాత కుక్క అక్కకి" అందట. విన్నది అక్క ఒక్కతే. నగలొద్దు, పింగాణీ గిన్నెలొద్దు, కుక్కే కావాలని ఆవిడ బాంబెర్గ్ వచ్చి కూర్చుంది. తలుపు తీస్తే కోర్బినియన్‌కి ఎదురొచ్చే ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే మిగిలింది. ఆ మాట వదినకి చెప్పుకోవడం కంటే నాలుక కోసుకోవడం నయమనుకునే మనిషి. అందుకే చేప.

ముందురోజంతా ఆవిడకి ఊరు చూపించాడు. నది నడుమ వంతెన మీద నిలిచిన పాత పురపాలక భవనం చూపించాడు. పెద్ద చర్చిలో రాతి గుర్రపు రౌతుని చూపించాడు. పొగవాసన బీరు తాగించాడు. ఆవిడ పెదవి విరిచింది.

"మా ఊళ్ళోనూ వంతెన ఉంది మరిదీ. దానిమీద ఇల్లు కట్టేంత తెలివితక్కువ వాళ్ళు లేరు, అంతే."

ఇవాళ రైల్లో కోబుర్గ్ కోటకి ప్రయాణం. ఇద్దరికీ కలిపి ఒకటే టికెట్టు. దాన్ని కోర్బినియన్ టోపీ మడతలో పెట్టుకున్నాడు. వాల్బుర్గా కొత్త లేతరంగు గౌను వేసుకుంది. అది చూసి అతనికి ప్రాణం లేచొచ్చింది.

కానీ రైలు కదలగానే గుస్తుల్ ఆవిడ ఒళ్ళో చుట్ట చుట్టుకుని, చంటిపిల్లలా నిద్రపోయింది. కక్కలేదు, కంపు కొట్టలేదు.

"చూశావా, రక్తసంబంధం ఊరికే పోతుందా!" అంది వాల్బుర్గా.

"కుక్కకీ నీకూ రక్తసంబంధమేంటి వదినా?"

"మా చెల్లెలి చేతి తిండి తిన్నది. నీ చేతి తిండి తిని ఎలా చిక్కిపోయిందో చూడు. నువ్వూ అలాగే ఉన్నావు."

స్టేషన్లు పోతున్నాయి. కుక్క గురకపెడుతోంది. పైన ఎండ, లోపల కోపం. కోర్బినియన్ కోటు విప్పి ఆవిడ పక్కన పడేశాడు. ఫోనూ ఇంటి తాళాలూ అందులోనే ఉన్నాయి.

"సరే, తీసుకుపో. కుక్కా నీదే, కోటూ నీదే. నాకింకేం అక్కర్లేదు," అని విసురుగా లేచాడు.

లేచింది మరుగుదొడ్డికి. దాని తలుపుకి 'పనిచేయదు' అని కాగితం అంటించి ఉంది. అప్పుడే బండి జంక్షన్‌లో ఆగింది. అక్కడ ఆ బండిని రెండు ముక్కలు చేస్తారు. ముందు సగం ఓబర్‌లైటెన్‌కి, వెనక సగం కోబుర్గ్‌కి పోతాయి. ఆ సంగతి మైకులో రోజూ చెబుతారు. రోజూ చెబుతారు గనకే ఆ ప్రాంతంలో పుట్టినవాడెవడూ వినడు. కోర్బినియన్ కిందికి దూకి, ప్లాట్‌ఫారం మీద పరుగెత్తి, ముందు సగంలో ఎక్కి అక్కడి మరుగుదొడ్డిలో దూరి తలుపేసుకున్నాడు.

బయటికొచ్చి కిటికీలోంచి చూస్తే నది ఉండాల్సిన చోట కొండలున్నాయి. ఎదురుసీట్లో ఊలు అల్లుకుంటున్న ఆవిడని అడిగాడు.

"అమ్మా, ఇది కోబుర్గ్ బండేనా?"

"జంక్షన్‌లో సగానికి కోసేవరకూ అదే నాయనా."

అటు వెనక సగంలో ఏం జరిగిందో అతనికి తర్వాత తెలిసింది. టికెట్లు చూసే అమ్మాయి వచ్చి వాల్బుర్గాని టికెట్టు అడిగింది.

"మా మరిది దగ్గరుంది."

"ఆయనెక్కడ?"

"జంక్షన్‌లో దిగిపోయాడమ్మా. కోటూ ఫోనూ ఇక్కడే పడేసి పోయాడు."

"ఏమైనా చెప్పారా?"

వాల్బుర్గా చెప్పబోయి ఆగిపోయింది. అతనన్న మాట చెవిలో మళ్ళీ మోగింది. "నాకింకేం అక్కర్లేదు అన్నాడు," అంది. "కుక్కని కూడా నాకిచ్చేశాడు. భార్య పోయి ఏడాది కాలేదు."

సరిగ్గా ఆ క్షణంలో చేప పనిచేసింది. గుస్తుల్ లేచి, కోటు మీద భళ్ళున కక్కి, మూతి పైకెత్తి ఏడ్చింది. టికెట్ల అమ్మాయి ముఖం పాలిపోయింది.

"జంతువులకి ముందే తెలుస్తుందండీ," అని ఫోను తీసింది. జంక్షన్ మైన్ నది ఒడ్డునే ఉంది.

కోర్బినియన్ ఓబర్‌లైటెన్‌లో దిగి తిరుగుబండి పట్టుకున్నాడు. దారి పొడవునా ఒకటే ఆలోచన. కుక్క పోయింది. తన నోటితో తనే ఇచ్చేశాడు. ఆవిడ ఈపాటికి దాన్ని చంకనేసుకుని తన ఊరి బండెక్కేసి ఉంటుంది. జంక్షన్‌లో దిగితే కోబుర్గ్ బండి లేదు. నది దగ్గర ఏదో ప్రమాదమట, బండ్లన్నీ ఆపేశారు.

మండిపడుతూ వంతెన దాకా నడిచాడు. ఊరంతా అక్కడే ఉంది. అగ్నిమాపక దళంవాళ్ళు నదిలో పడవలేసుకుని గడకర్రలతో కెలుకుతున్నారు. వాళ్ళు జీతగాళ్ళు కారు. రొట్టెలు కాల్చేవాడూ పాలవాడూ, గంట మోగితే చేతిలో పని వదిలేసి వచ్చే ఊరివాళ్ళు. అంతమందికి తిండి కావాలిగా, ఒడ్డున ఎవరో సాసేజీలు కాలుస్తున్నారు. అడక్కుండానే కోర్బినియన్ చేతికీ ఒకటిచ్చారు.

"ఏమైంది?" అన్నాడు పక్కావిడతో.

"ఎవరో పెద్దాయన, పాపం. పెళ్ళాం పోయిందన్న బెంగతో నదిలో దూకాడట."

కోర్బినియన్ సాసేజీ కొరికాడు. "బుద్ధిలేని వెధవ. పోయేవాడు తన దారిన తను పోక, ఇంతమంది పని చెడగొట్టాలా? రైళ్ళు కూడా ఆపించాడు."

ఆవిడ నోరు తెరిచి చూసింది. అతను ఊరుకోలేదు. రెయిలింగు మీదికి వంగి పడవలవాళ్ళకి కేకేశాడు.

"అక్కడ కాదయ్యా! ఆ వంపు దగ్గర వెతకండి! శవమైతే అటే కొట్టుకుపోతుంది!"

దళనాయకుడు సలహా విని పడవ తిప్పించాడు. అంతలో దళంవాళ్ళ ఎర్ర వ్యాను ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి గుస్తుల్ దిగింది, వెనకే మరకల కోటు పట్టుకుని వాల్బుర్గా దిగింది. ఒకతను కోటు కుక్క ముక్కు దగ్గర పెట్టాడు. గుస్తుల్ ఆ కోటుని అసహ్యంగా చూసి, గాలి వాసన పట్టి, జనం కాళ్ళ సందుల్లోంచి దూసుకొచ్చి కోర్బినియన్ చేతిలో సాసేజీని లాక్కుంది.

వంతెన మీది జనమంతా అటు తిరిగారు. వాల్బుర్గా వచ్చింది. ముందు చెంప ఛెళ్ళుమనిపించింది. తర్వాత మెడ పట్టుకుని భోరుమంది.

"మరిదీ! నువ్వు బతికే ఉన్నావా!"

కోర్బినియన్ నదిలో పడవల వంక చూశాడు. వాళ్ళు వెతుకుతున్న శవం తనే.

"నేను మరుగుదొడ్డికి వెళ్ళాను," అన్నాడు.

దళనాయకుడు భుజం మీద చెయ్యేశాడు. "అందరూ అలాగే అంటారండీ. సిగ్గుపడకండి."

"నిజంగానే వెళ్ళానయ్యా! టికెట్టు చూడండి!"

"తనని తనే వెధవ అని తిట్టుకున్నాడండీ," అంది పక్కావిడ కళ్ళొత్తుకుంటూ. "శవం ఎటు పోతుందో కూడా లెక్కేసి పెట్టుకున్నాడు పాపం."

జనం నిట్టూర్చారు. ఎవరో అతని వీపు మీద దుప్పటి కప్పారు. ఎంత వాదిస్తే అంత జాలిపడ్డారు. చివరికి కోర్బినియన్ నోరు మూసుకున్నాడు. అది కూడా రుజువు కిందే లెక్కయింది.

"కుక్కని నువ్వే ఉంచుకో," అంది వాల్బుర్గా ముక్కు చీదుకుంటూ. "నాకొద్దు. అది నీ ప్రాణమని నాకేం తెలుసు? నోరు తెరిచి ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?"

కోర్బినియన్ గుస్తుల్‌ని ఎత్తుకుని గుండెకి అదుముకున్నాడు. గెలిచాడు. ఏ వాదనా గెలవని మనిషి ఈ పెద్ద వాదన గెలిచాడు. హెడ్‌విగ్ పోయాక మొదటిసారి అతని మీసాల కింద నవ్వులాంటిది కదిలింది.

"కానీ నిన్నింక ఒంటరిగా వదలను," అంది వాల్బుర్గా. "మా చెల్లెలికి పైన ఏం ముఖం చూపించను?"

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ సంచీతో దిగుతుంది, సోమవారం వెళ్తుంది. కత్తులు దాచేస్తుంది. చారు చల్లారేదాకా పక్కనే కూర్చుంటుంది. అతను మరుగుదొడ్డికి వెళ్తే తలుపు బయట కుర్చీ వేసుకుని, "మరిదీ, లోపలే ఉన్నావా? పలకవేం?" అంటుంది.

ఆ మార్గంలో బండ్లు ఎప్పుడూ ఆలస్యమేనని బాంబెర్గ్ అంతా తిడుతుంది గానీ, శుక్రవారం మధ్యాహ్నం బండి మాత్రం ఇంతవరకూ ఒక్క నిమిషం ఆలస్యంగా రాలేదు.