లొద్ది దారిలో ఎర్ర బాణాలు

ఆ ఆదివారం పొద్దున విఠల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రాజురాలో టీచరుగా పనిచేసే అతని భార్య స్నేహలత తోటి టీచర్లను వెంటబెట్టుకుని, సున్నపురాయి గుట్ట ఎక్కి, పాత కోట దాకా నడిచివస్తుంది. అతను ఉప్మా గిన్నె, చాయ్ డబ్బా జీపులో పెట్టుకుని బండగూడ ఊరి మీదుగా ముందే కోటకు చేరి, వాళ్ళు వచ్చేదాకా నీడలో ఒక కునుకు తీస్తాడు. మొబైళ్ళ దుకాణంలో కూర్చుని కూర్చుని అలవాటైన మనిషి. నడక అతనికి గిట్టదు.

దారి గుర్తులు పెట్టే పని మాత్రం ముందురోజే అతని నెత్తిన పడింది. గుట్ట కింది దిగుడుబావి నుంచి కోట గుమ్మం దాకా బండల మీద బాణాలు గియ్యమని స్నేహలత చెప్పింది. విఠల్ ఎర్ర రంగుతో బాణాలు గీశాడు. అంతటితో ఊరుకోక ఒక్కో బాణం పక్కన ఒక్కో నంబరు వేశాడు. ఎంత దూరం వచ్చామో నడిచేవాళ్ళకు తెలుస్తుందని అతని తెలివి. దగ్గరి దారి కదా అని బండగూడ ఎల్లమ్మ పత్తిచేను గట్టు రాళ్ళను కూడా వదల్లేదు.

ఆ గుట్ట మీద సున్నపురాయి గని పడుతుందని బండగూడలో చాలాకాలంగా పుకారు. తెల్లవారి లేచి చూస్తే చేల గట్ల మీద సర్వేవాళ్ళు వేసినట్టు ఎర్ర నంబర్లు. ఊరంతా రోడ్డు మీదికి వచ్చింది. సరిగ్గా అప్పుడే విఠల్ జీపు అక్కడికి చేరింది.

ఊరికి పెద్దమనిషి రామకిషన్ కర్ర అడ్డం పెట్టి బండి ఆపాడు.

"ఎవలు నువ్వు? యాడికి పోతున్నవ్?"

"కోట కాడికి, కాకా."

"గిన్నెడు ఉప్మా ఎవలికి?"

జనం మొహాలు చూశాక విఠల్‌కు నిజం చెప్పడానికి ధైర్యం చాల్లేదు. "మొక్కు ఉన్నది. దేవునికి" అన్నాడు.

"కోటల ఏ దేవుడున్నడు? నేను పుట్టి పెరిగింది ఈడనే, నాకు కనబడలే" అంది ఎల్లమ్మ. అరవై దాటిన మనిషి, చూపు మాత్రం గద్ద చూపు. అతని చెయ్యి పట్టుకుని గోళ్ళు చూసింది. "గీ ఎరుపేంది?"

"కుంకుమ, అవ్వా."

"కుంకుమ గిట్ల కిరసనాయిలు వాసన రాదు, కొడుకా."

విఠల్ ఇంకో అబద్ధం వెతుక్కుంటుండగానే రామకిషన్ జనం వైపు తిరిగాడు. "ఈన్ని ఈడనే కూసోబెట్టున్రి. గుట్టను కొలిచి మోజణీ చేసే ఆఫీసర్లు ఈ బాణాలు పట్టుకొని ఎట్లనన్న వస్తరు. మనోళ్ళు ఇద్దరు పొయ్యి, రంగు గీకేసి, బొగ్గుతోని బాణాలన్ని తేనెటీగల లొద్ది దిక్కు తిప్పిన్రు. రానియ్యున్రి. గుట్ట కొలుస్తరో, ఉరుకుతరో సూద్దాం."

ఆ లొద్ది పేరు రాజురాలో కూడా తెలుసు. రెండు సున్నపురాయి గోడల మధ్య ఇరుకు లోయ. గోడల నిండా చాటలంత తేనెపట్లు. అక్కడ గట్టిగా దగ్గినా కొండ తేనెటీగలు లేస్తాయి. స్నేహలత బృందమేమో పాటలు పాడుకుంటూ నడుస్తుంది. పైగా నాయకురాలు కాబట్టి ఆమె మెడలో బడి విజిల్ ఉంది.

ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు.

"కాకా, నీ కాళ్ళు మొక్కుత! ఆ నంబర్లు నేనే ఏసిన. వచ్చేది ఆఫీసర్లు కాదు, నా భార్య. బడి టీచర్లు. ఉత్తగనే నడుస్తానికి వస్తున్రు!"

"ఉత్తగనే అంటే?"

"అంటే... నడుస్తానికే."

"సంతకా?"

"కాదు."

"చుట్టాల ఇంటికా?"

"కాదు కాకా. గుట్ట ఎక్కుతరు, పాత రాళ్ళు సూస్తరు, దిగుతరు."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బస్సులు తిరుగుతున్న రోజుల్లో, పనేమీ లేకుండా, ఎండలో, ఆదివారం పూట గుట్ట ఎక్కే మనుషులుంటారంటే అక్కడ ఎవరూ నమ్మలేదు. అబద్ధమైనా కాస్త అతికేటట్టు ఆడమని ఎవరో సలహా కూడా ఇచ్చారు.

"అయితే నాతోని రాన్రి! నా మాట తప్పైతే నన్ను ఆ లొద్దిలనే ఇడిసిపెట్టున్రి" అని విఠల్ జీపును అక్కడే వదిలి పరుగందుకున్నాడు. ఊరు కర్రలతో సహా అతని వెనక పడింది. పెళ్ళయ్యాక అతను అంత దూరం పరుగెత్తడం అదే మొదటిసారి. పొట్ట ఊగుతోంది, చెప్పు ఒకటి ముళ్ళ పొదలో ఉండిపోయింది. ఆగలేదు.

లొద్ది మొదట్లోకి వచ్చేసరికి అవతలి వైపు నుంచి స్నేహలత, ఆమె వెనక పదిమంది టీచర్లు కనబడ్డారు. అదృష్టం కొద్దీ ఎక్కి ఎక్కి ఆయాసం వచ్చి పాట ఆపేశారు. తలల పైన తేనెపట్లు నల్లగా, మెల్లగా కదులుతున్నాయి. విఠల్ అరవలేక రెండు చేతులూ ఊపాడు. భర్త అంత దూరం ఎదురు వచ్చినందుకు మురిసిపోయి స్నేహలత కూడా చెయ్యి ఊపింది. తర్వాత అందరికీ ఆ శుభవార్త చెబుదామని విజిల్ నోట్లో పెట్టుకుంది.

విఠల్ రాళ్ళ మీద మోకాళ్ళు వేసి దండం పెట్టాడు. తర్వాత పైకి చూపించాడు.

స్నేహలత పైకి చూసింది. విజిల్ నోట్లోనే ఉండిపోయింది. ఊపిరి వదిలితే మోగుతుందని ముక్కుతో పీలుస్తూ, రెండు వేళ్ళతో దాన్ని బయటికి తీసింది.

అప్పటికి ఊరివాళ్ళు వచ్చి చుట్టుముట్టారు. అక్కడ మొదలైన పంచాయితీ మొత్తం గుసగుసల్లోనే నడిచింది.

"ఉప్మా ఏది? వీళ్ళెవరు?" స్నేహలత గుసగుసలాడింది.

"తర్వాత చెప్త. ముందు సప్పుడు చెయ్యకు."

"మోజణీ కాయిదాలు తియ్యున్రి" రామకిషన్ కర్ర ఎత్తి, వీలైనంత మెల్లగా గర్జించాడు.

ఇదంతా పట్టని మనిషి ఒక్కరే ఉన్నారు, చరిత్ర పాఠం చెప్పే రామనాథం సార్. ఆయన గోడను అరచేత్తో నిమిరి, పక్కనున్న ఎల్లమ్మతో ఆనందంగా, మెల్లగా అన్నాడు: "ఎంత మంచి సున్నపురాయి అమ్మా! ఇటువంటిది నేనెక్కడా చూడలే."

గుసగుసలు ఆగిపోయాయి. కర్రలన్నీ పైకి లేచాయి. విఠల్ కళ్ళు మూసుకున్నాడు. పైన తేనెటీగల రొద ఒక్క క్షణం పెరిగి, మళ్ళీ తగ్గింది.

"ఆగున్రి" అంది ఎల్లమ్మ. స్నేహలత కాళ్ళ దగ్గర కూర్చుని, ఆమె బూటు తనే విప్పింది. మడమ మీద పొక్కులు చిట్లి రక్తం కారుతోంది. ఎల్లమ్మ తల ఊపింది. "వీళ్ళు ఆఫీసర్లు కాదు. ఆఫీసరైతే జీపు దిగడు. జీతం ఇచ్చినా ఎవలు గింత నడ్వరు. పిచ్చోళ్ళే. పాపం, పోనియ్యున్రి."

రామకిషన్ కర్ర దించాడు. విఠల్ కళ్ళు తెరిచేసరికి రామనాథం సార్ ఆ కర్ర పక్కనే వంగి, తీగలు తొలగించి, పసుపు పూసిన ఒక రాయిని చూస్తున్నాడు. గుర్రం మీద కత్తి పట్టిన మనిషి బొమ్మ.

"గాయన మా గుర్రపాయన. ఏటా కోడిని కోస్తం" అంది ఎల్లమ్మ.

"ఇది వీరగల్లు అమ్మా. ఏదో యుద్ధంల చచ్చిపోయిన వీరునికి పెట్టిన రాయి. చానా పాతది. పురావస్తు శాఖోళ్ళు చూసి ఒప్పుకున్నరనుకో, దీని చుట్టుపక్కల బ్లాస్టింగ్ చెయ్యనియ్యకపోవచ్చు."

ఆ వాక్యంలోని 'అనుకో', 'వచ్చు' అనే మాటలు ఊరివాళ్ళ చెవికి ఎక్కలేదు. రామకిషన్ విఠల్ భుజం మీద చెయ్యి వేశాడు. గొంతు పూర్తిగా మారిపోయింది.

"తమ్మీ, రంగు ఇంకా మిగిలిందా? గుర్రపాయన దాక బాణాలు గియ్యాలె."

జీపులో సగం డబ్బా ఉంది. గిన్నెను కూడా అక్కడి నుంచి తెప్పించి, లొద్ది బయట అందరూ కలిసి చల్లారిన ఉప్మా తిన్నారు. స్నేహలత మొగుడి గీరుకుపోయిన మోకాళ్ళు చూసి, తిట్టవలసినవన్నీ ఇంటికి వాయిదా వేసి, సంచిలో తెచ్చుకున్న తన చెప్పులే అతనికిచ్చి బూట్లు మళ్ళీ తొడుక్కుంది.

వారం తిరగకముందే బండగూడలో కొత్త నమ్మకం పుట్టింది: బాణం ఉన్న చేనును ఏ గనీ ముట్టదు. ఎల్లమ్మ తన చేనుకు నాలుగు వైపులా గీయించుకుంది. పక్క చేనువాడు అయిదు గీసుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా రంగు డబ్బాలతో గుట్ట ఎక్కారు. ఇప్పుడు ఆ గుట్ట మీద బాణం లేని బండ లేదు, దారి తప్పని మనిషీ లేడు.