ప్రాగ్ ప్రశాంతంగానే ఉంది

ఎనభై తొమ్మిది నవంబరులో ఒక గురువారం, మా ఊరి వీధి మైకుల్లో బ్యాండు మోత ఆగగానే మా బావగారి గొంతు వినిపించింది.

"పౌరులారా! మన రాజధాని ప్రాగ్ ప్రశాంతంగా ఉంది. అక్కడేదో జరిగిపోతోందని విద్రోహులు పుకార్లు పుట్టిస్తున్నారు. అవి అబద్ధమని రుజువు చెయ్యడానికి శనివారం నేను స్వయంగా, సకుటుంబంగా, సొంత పెట్రోలు పోయించుకుని ప్రాగ్ వెళ్తున్నాను."

రుజువు చెయ్యమని ఆయన్నెవరూ అడగలేదు. గొప్పవాళ్లు అడిగేదాకా ఆగరు.

బావగారు, అంటే మా అక్క భర్త కామ్రేడ్ బోహుమీర్ షెస్తాక్, జిల్లా పార్టీలో సాంస్కృతిక కార్యదర్శి. మా జిల్లాలో ఎవరి పిల్లలకు పైచదువు సీటు కావాలన్నా, ఆ ఇల్లు పార్టీకి విధేయమైనదని ఆయన సిఫార్సు రాయాలి. ఏళ్ల తరబడి కొందరికి రాశారు, కొందరికి రాయలేదు. రెండు పనులూ ఒకే నిష్ఠతో చేశారు. ఇప్పుడు సొంత కూతురు రాద్కాకే వైద్య కళాశాలలో సీటు కావలసివచ్చింది. తండ్రే రాస్తే చెల్లదు. ప్రాగ్‌లో ఉన్న పాత మిత్రుడు, ఉపమంత్రి హ్రుబేష్‌గారు సంతకం పెట్టాలి. ప్రాగ్ ప్రశాంతంగా ఉండవలసిన అవసరం అలా వచ్చింది.

శనివారం పొద్దున్నే స్కోడా కారులో బావగారు, మా అక్క లిబూషె, రాద్కా, నేను బయల్దేరాం. బ్రెడ్డుపొడి అద్ది వేయించిన మాంసం ముక్కలు రొట్టెల మధ్య పెట్టి డబ్బా నింపింది నేనే కాబట్టి నాకూ చోటు దొరికింది. ఆ డబ్బా లేకుండా మావాళ్లెవరూ జిల్లా దాటరు.

ప్రాగ్ పొలిమేర చేరేసరికి రోడ్డు నిండా జనం, జెండాలు.

"వీళ్లంతా ఎవరు నాన్నా?" అంది రాద్కా.

"నారింజలకు క్యూ."

"ఇంతమందా?"

"సరఫరా మెరుగుపడింది మరి."

"జెండాలెందుకు?"

"సంతోషం పట్టలేక."

నారింజలనగానే మా అక్క కిటికీ దించి ఒక ముసలావిడను పిలిచింది. "ఏమండీ, నారింజలు ఎక్కడిస్తున్నారు?"

"ఏం నారింజలమ్మా! పార్టీ పెద్దలంతా నిన్న రాత్రే రాజీనామా ఇచ్చేశారు. మీ ఇంట్లో రేడియో లేదూ?"

ఉంది. పుకార్లు చెబుతోందని బావగారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆయన కిటికీ ఎత్తించి, "చూశారా, ఎంత ప్రశాంతంగా చెప్పిందో!" అన్నారు.

హ్రుబేష్‌గారి గుమ్మంలో బూట్లు విప్పి మేజోళ్లతో లోపలికి వెళ్లాం. ఆయన చొక్కాకు ఆ రోడ్ల మీది జనం పెట్టుకున్న మూడు రంగుల రిబ్బనే ఉంది.

"కామ్రేడ్!" అని బావగారు చేతులు చాచారు.

"ష్! ఆ మాటనకు. గోడలకు చెవులుంటాయి."

"అవి మీ శాఖవాళ్లు పెట్టించినవే కదండీ."

ఉపమంత్రిగారు కుర్చీలో కూలబడ్డారు. "నేను మొదట్నుంచీ లోలోపల వ్యతిరేకినే బోహుమీర్. కమిటీలో అందరూ చెయ్యెత్తుతుంటే నేను నెమ్మదిగా ఎత్తేవాణ్ణి. నువ్వు చూశావా లేదా?"

"చూశాను. భుజం నొప్పేమో అనుకున్నాను."

"నొప్పి కాదయ్యా. నిరసన!"

బావగారి కళ్లు చెమర్చాయి. "నాకూ ఉందండీ అది! ఇన్నాళ్లూ నొప్పే అనుకుని మందు రాసుకున్నాను."

ఇద్దరూ కావలించుకున్నారు. సంతకం సంగతి ఎత్తేసరికి మాత్రం ఉపమంత్రిగారు ఉలిక్కిపడ్డారు. "నా సంతకం పడితే పిల్ల మునిగిపోతుంది. ఇప్పుడు చెల్లేది సమ్మె చేస్తున్న విద్యార్థుల సంతకమే. కళాశాలకు పో."

వెళ్లేముందు బావగారు ఆయన దగ్గర ఒక రిబ్బను అడిగి పుచ్చుకున్నారు.

కళాశాల వరండాలో బల్ల వెనక ఎర్ర స్వెటరు అమ్మాయి కూర్చుని ఉంది. బావగారు మా డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. "పల్లె ప్రజలు మీ వెంటే ఉన్నారు!" చుట్టూ ఉన్న విద్యార్థులు చప్పట్లు కొట్టారు, ముక్కలు తీసుకున్నారు.

"అది మన భోజనమండీ," అని గొణిగింది అక్క.

"ఊరుకో లిబూషె. చరిత్ర జరుగుతోంది."

"చాలా థాంక్సండీ. ఏం పని మీద వచ్చారు?" అంది ఆ అమ్మాయి.

"మా పిల్లకు చిన్న సిఫార్సు..."

"సిఫార్సులు ఎత్తెయ్యాలనే కదండీ మా సమ్మె! ఇకమీదట పరీక్ష రాయాలి. మార్కులొస్తే సీటు."

బావగారు పెద్దరికంగా నవ్వారు. "అదెలాగూ బయటివాళ్లకు. మనలో మనకు?"

"మనలో మనకూ అంతే."

రాద్కా ముఖం విప్పారింది. "నాన్నా, నేను రాస్తాను. కెమిస్ట్రీలో క్లాసులో నేనే ఫస్టు."

బావగారు కూతుర్ని కొత్తగా చూశారు. పిల్ల చదువుతుందన్న సంగతి ఆయనకు ఇంతవరకు ఎవరూ సిఫార్సు చెయ్యలేదు.

"అది సరేనే తల్లీ. ఒట్టి మార్కుల్ని నమ్ముకుని ఎవరైనా డాక్టరవుతారా?"

తిరుగు ప్రయాణంలో ఆయన కారు దురుసుగా నడిపారు. ఆకలి కూడా అయ్యుంటుంది. ఒకచోట స్టీరింగ్ మీద గుద్ది, "దీనికోసమా మనం పోరాడింది!" అన్నారు.

కానీ ఆయన నిరాశపడే మనిషి కాదు. వారం తిరక్కుండా 'సిఫార్సుల నిర్మూలన జిల్లా సంఘం' పెట్టి అధ్యక్షులయ్యారు. సంఘం ప్రజలకు ఉచితంగా ఒక పత్రం ఇవ్వసాగింది. 'పై వ్యక్తికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదని సిఫార్సు చేయడమైనది.' కింద గుండ్రటి ముద్ర, బావగారి సంతకం.

మొదటిరోజు మధ్యాహ్నానికే క్యూ వీధి మలుపు దాటింది. బావగారు సిఫార్సు రాయనందుకు పెద్దకొడుకును ఇటుక బట్టీలో పనికి పంపుకున్న కంటి డాక్టరుగారు చిన్నకూతురి కోసం నా ముందు నిలబడ్డారు. మావాడి చదువుకు ఇంకా రెండేళ్లుంది గాని, ముందుజాగ్రత్తగా నేనూ నిలబడ్డాను.

రాద్కా పుస్తకాలు గుండెకు అదుముకుని పక్కనుంచి పోతోంది.

"ఏమ్మా, నువ్వు తీసుకోవా?" అన్నారు డాక్టరుగారు.

"లేదండీ, పరీక్షకు చదువుకోవాలి."

క్యూ అంతా ఘొల్లుమని నవ్వింది. "షెస్తాక్ కూతురికి చదువుతో పనేమిటే!" అన్నారు డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

నేనూ నవ్వాను. ఆయన ఒక అడుగు ముందుకు జరిగారు. ఆ ఖాళీలోకి నేను జరిగాను.