మామగారు బిగించిన బండి

శనివారం పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చిన్నదే. షాపు తెరిచేలోగా బండిని మర్నాటి పోటీకి సిద్ధం చేసేయాలి. కళ్లద్దాల షాపు నడుపుకునే అతనికి, తీరిక దొరికితే చాలు, కాలు కింద పెట్టకుండా రాళ్లగుట్టల మీదికి బండి ఎక్కించడం పిచ్చి. ట్రయల్స్ బండి అంటారు దాన్ని. సీటు ఉండదు, నిలబడే నడపాలి. ఇంతవరకూ ఏ పోటీలోనూ కాలు ఆనించకుండా ఒక్క గుట్టా దాటలేదు. ఈసారైనా దాటాలని ఆశ. టైర్లు రాయిని కరుచుకునేలా గాలి బాగా తగ్గించాడు. బండి పడ్డప్పుడు విరగకుండా పక్కకు తిరిగిపోవాలని బ్రేకు, క్లచ్ లివర్లను కాస్త వదులుగా ఉంచాడు. చెయిన్‌కి నూనె పెట్టి షాపుకి వెళ్లిపోయాడు.

ఆ తరవాత కాఫీ గ్లాసుతో మామగారు వరండాలోకి వచ్చారు. బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి, కూతుర్ని చూసిపోదామని వచ్చారు. పెళ్లయినప్పటి నుంచీ మామా అల్లుళ్ల మధ్య "భోంచేశారా", "చేశానండీ" తప్ప పెద్దగా మాటల్లేవు. అల్లుడికి ఏదైనా చేసిపెట్టాలని ఆయనకు ఎప్పుడూ ఉండేది. ఏం చేయాలో తెలిసేది కాదు. బండిని చూడగానే తెలిసిపోయింది.

"అమ్మాయ్, అల్లుడుగారి బండిలో గాలి లేదే."

రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న కూతురు దుప్పట్లోంచే పలికింది. "అది అంతే నాన్నా."

"లివర్లు కూడా ఊగుతున్నాయి. సీటేదమ్మా?"

"సీటుండదు. నిలబడే నడుపుతారు. నన్ను కాసేపు పడుకోనీ నాన్నా."

మామగారి మనసు కరిగిపోయింది. సీటు లేకపోయినా నోరు తెరిచి ఎవర్నీ అడగని మొహమాటస్తుడు పాపం, అనుకున్నారు. ఎదురింటి నుంచి పంపు తెచ్చి, వేలితో కొడితే టంగుమనేదాకా గాలి కొట్టారు. లివర్లను పళ్లు బిగబట్టి మరీ బిగించారు. తరవాత వీధి చివర సోఫాలు కుట్టే ఆయన్ని వెంటబెట్టుకొచ్చారు.

"దీనికి సీటు పెట్టే చోటే లేదు కదండీ," అన్నాడు సోఫాలాయన.

"లేకపోతే చేద్దాం. మెత్తగా ఉండాలి. మా అల్లుడుగారు నిలబడి నిలబడి సగమైపోయారు."

సాయంత్రానికి ఎర్ర రెక్సిన్ సీటు తయారైంది. సోఫాలాయన ముచ్చటపడి, నడుం ఆనుకోవడానికి ఓ చిన్న దిండు కూడా కుట్టాడు. అల్లుడు ఇంటికి వచ్చేసరికి బండి దుప్పటి కప్పుకుని, తాళ్లతో కట్టేసి, పక్కింటివాళ్ల ట్రక్కులో ఉంది.

"మీకెందుకండీ శ్రమ?"

"రేపు అక్కడే విప్పుదాం. మీరు చూసి ఆశ్చర్యపోవాలి."

అల్లుడు ఆశ్చర్యపోయాడు. మైదానంలో దుప్పటి తొలగగానే చుట్టూ ఉన్నవాళ్లు మెడలు చాచి చూశారు. మైకులో మొదటి పిలుపు అతనిదే. గాలైనా తీసేద్దామని టైరు దగ్గర వంగినవాడు, తల ఎత్తి మామగారిని చూశాడు. ఆయన దిండు మీద దుమ్ము దులుపుతున్నారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎలా ఉంది?"

"చాలా బావుందండీ."

మొదటి రాయి తగలగానే బండి బంతిలా ఎగిరింది. సీటు మోకాళ్లకు అడ్డుపడింది. బండి ఒక పక్క, అతనొక పక్క పడ్డారు. క్లచ్ లివరు పుటుక్కున విరిగింది. జడ్జిగా ఉన్నావిడ ఐదు వేళ్లు చూపించింది. మిగిలిన సగం లివరుతోనే రెండో గుట్ట ఎక్కబోయాడు. మళ్లీ ఐదు. మూడో గుట్ట దగ్గర దిండు అతనికంటే ముందు దిగిపోయింది. అక్కడా ఐదే. మామగారు ప్రతిసారీ చప్పట్లు కొడుతూ, వియ్యంకుడికీ, డిపో స్నేహితులకీ, సోఫాలాయనకీ ఫోన్లు చేశారు. "అన్నిట్లోనూ ఐదుకి ఐదే. పడ్డా కూడా ఇస్తున్నారు."

చివరికి బోర్డు మీద అన్నిటికంటే పెద్ద అంకె అల్లుడిదే. మామగారు చొక్కా సర్దుకుని జడ్జి దగ్గరికి వెళ్లారు. "కప్పు ఎప్పుడిస్తారమ్మా?"

"అవి మార్కులు కాదండీ, తప్పులు. తక్కువొచ్చినవాళ్లే గెలిచినట్టు," అందావిడ. "పాపం, అతనంటే పడనివాళ్లెవరో గాలి నిండా కొట్టేసి, లివర్లు బిగించేశారు. ఆ సీటు చూస్తే కక్ష ఎంతుందో తెలుస్తోంది."

మామగారు నెమ్మదిగా అల్లుడి దగ్గరికి వచ్చారు. అతను మోచేతికి రుమాలు కట్టుకుంటున్నాడు.

"ముందే చెప్పొచ్చుగా."

"ఎలా చెప్పమంటారు? నా బండి కోసం ఇంతకుముందు ఇంత శ్రమ ఎవరు పడ్డారని?"

మామగారు అతని మోచెయ్యి అందుకున్నారు. తరవాత ఆ రుమాలు విప్పి, గట్టిగా మళ్లీ కట్టారు. "చూపించరా. గాలి ఎంత ఉండాలి?"

ఇద్దరూ కూర్చుని సీటు పీకేశారు. పోటీకొచ్చిన ఇంకొకతన్ని అడిగి కొత్త లివరు తెచ్చి వదులుగా బిగించారు. మామగారు టైరును బొటనవేలితో నొక్కుతూ గాలి తీశారు. "ఇంకానా? ఇలాంటి టైర్లతో బస్సు తీసుంటే నా ఉద్యోగం ఊడేది."

జనం వెళ్లిపోతున్నారు. అల్లుడు మొదటి గుట్ట మీదికి బండి పోనిచ్చాడు. టైరు రాయిని కరుచుకుంది. బండి వంగింది, ఆగింది, పాకింది, అవతలికి దిగింది. కాలు నేలకు ఆనలేదు. చూసింది మామగారొక్కరే. ఆయన ఈసారి చప్పట్లు కొట్టడం మరిచిపోయారు.

అంతలో వియ్యంకుడి నుంచి ఫోన్ వచ్చింది, ఫలితం ఏమైందని.

"అందరికంటే ఎక్కువ మావాడికే వచ్చాయి బావగారూ," అని మామగారు ఉన్నదున్నట్టు చెప్పారు.